వరద డబ్బు బస్తీ మహిళా సంఘం దాకా ఎందుకు రావట్లేదు

హైదరాబాద్‌లో ఏ బస్తీలోనైనా నీళ్లు ఇళ్లలోకి వచ్చిన మర్నాడు జరిగేది దాదాపు ఒకటే. ఆ గల్లీ పొదుపు సంఘం లీడరో, అక్కడ కొన్నేళ్లుగా పనిచేస్తున్న మహిళా సంస్థ కార్యకర్తో ఒక నోట్‌బుక్ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. ఎవరింట్లో ఎంత లోతు నీళ్లొచ్చాయి, ఎవరికి నెలలు నిండాయి, ఎవరి అత్తకు షుగర్ ఇంజెక్షన్లు ఫ్రిజ్‌తో పాటు పాడయ్యాయి, ఎవరి కుట్టు మిషన్ మోటర్‌లోకి బురద పోయింది, ఎవరు అద్దెకుంటున్నారు, ఎవరి ఆధార్ కార్డు కొట్టుకుపోయింది, అన్నీ అందులో రాసుకుంటుంది. మధ్యాహ్నానికి లీడర్లు వస్తారు, సాయంత్రానికి సాయం చేసే సంస్థల వ్యాన్లు వస్తాయి, తర్వాత ఎప్పుడో సర్వే వాళ్లు వస్తారు. వచ్చినవాళ్లందరూ అడిగేది ఆ నోట్‌బుక్కే. "అక్కా, లిస్టు ఒకసారి ఇస్తారా, ఫొటో తీసుకుంటాం."

ఆ లిస్టు రాసినందుకు ఆమెకు ఎవరూ రూపాయి ఇవ్వరు. ఆటో చార్జీ ఆమెదే, ఫోన్ రీచార్జ్ ఆమెదే, ఆ మూడు రోజులూ పోగొట్టుకున్న కూలి కూడా ఆమెదే. విపత్తు వచ్చినప్పుడు స్థానిక మహిళా సంస్థలకు డబ్బు ఎలా ఇవ్వాలి అనే చర్చ ఇక్కణ్నుంచే మొదలవ్వాలి. ఎందుకంటే సాయం మొత్తం వాళ్ల శ్రమ మీదే నడుస్తోంది, బడ్జెట్‌లో మాత్రం వాళ్ల పేరుతో పద్దు ఉండట్లేదు.

2020 అక్టోబర్ సంగతే చూడండి. 13వ తేదీ నుంచి ఒక్క రోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్ల వాన పడింది. పల్లె చెరువు తెగింది, నాలుగు రోజులకు గుర్రం చెరువు తెగింది, అలీనగర్, హఫీజ్ బాబా నగర్ మునిగిపోయాయి, టోలీచౌకి నదీం కాలనీలో జనం పడవల మీద తిరిగారు. రాష్ట్ర ప్రభుత్వం ముంపు కుటుంబాలకు ఇంటికి 10,000 రూపాయలు ఇస్తామని ప్రకటించి, ముందుగా 550 కోట్లు విడుదల చేసింది. నగరంలో వరద సాయంగా అది మంచి మొత్తమే, నగదుగా ఇవ్వాలనుకోవడం ఇంకా మంచి నిర్ణయం. కానీ ఎవరికివ్వాలో తెలిసిన జాబితా లేదు. మొదట సిబ్బంది ఇంటింటికీ వెళ్లి చేతికి డబ్బులిచ్చారు, మాకు రాలేదంటే మాకు రాలేదని గొడవలయ్యాయి, మధ్యలో వాళ్లు వాటా తీసుకున్నారని ఆరోపణలొచ్చాయి. నవంబర్‌లో మీసేవలో అప్లికేషన్ పెట్టుకోమన్నారు. తెల్లవారుజాము నుంచే లైన్లు కట్టారు, ఆ లైన్లలో నిలబడ్డవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు. అంతలో జీహెచ్ఎంసీ ఎన్నికల కోడ్ అడ్డొచ్చి ఎన్నికల సంఘం పంపిణీ ఆపేయమంది, ఎన్నికలయ్యాక డిసెంబర్‌లో మళ్లీ మీసేవ ముందు లైన్లు.

డబ్బు లేక వచ్చిన ఇబ్బంది కాదది. ఒకే ఇంటి నంబరు మీద నాలుగు పోర్షన్లు, నాలుగు పొయ్యిలు ఉంటాయన్న సంగతి, కింది పోర్షన్ మునిగి పైది మునగలేదన్న సంగతి, ఓనర్ వేరే కాలనీలో ఉంటాడన్న సంగతి కంప్యూటర్‌లో ఉండవు. గల్లీలో వారం వారం మీటింగ్ పెట్టుకునే ఆడవాళ్లకు తెలుస్తాయి. వాళ్ల జాబితా తీసుకుని, దాన్ని కమ్యూనిటీ హాల్ గోడకు అంటించి, అభ్యంతరాలుంటే రెండు రోజుల్లో చెప్పండి అని ఉంటే తప్పులు దొరికిపోయేవి, దొంగ పేర్లు కూడా దొరికిపోయేవి. అలా చేయాలంటే ఆ పనికి ముందుగా డబ్బు పెట్టి ఉండాలి.

ప్రభుత్వ నిబంధనలు కూడా నగరంలో ఆడవాళ్ల నష్టాన్ని పట్టుకునేలా లేవు. రాష్ట్ర విపత్తు స్పందన నిధి లెక్క ప్రకారం పక్కా ఇల్లు పూర్తిగా పోతే మైదాన ప్రాంతంలో 1.2 లక్షలు వస్తాయి. అది ఇంటి యజమానికి. ఆ ఇంట్లో అద్దెకున్న మనిషికి మిగిలేది బట్టలకు 2,500, గిన్నెలకు 2,500. ఆ డబ్బు కూడా ఇల్లు కొట్టుకుపోవడమో, పూర్తిగా దెబ్బతినడమో, రెండు రోజులకు మించి నీటిలో ఉండడమో జరిగితేనే. హైదరాబాద్ నాలా వరద ఎలా వస్తుందో చూసినవాళ్లకు ఆ నిబంధన ఎంత దూరంలో ఉందో అర్థమవుతుంది. రాత్రి పదకొండింటికి నడుం లోతు నీళ్లు వస్తాయి, పొద్దున తొమ్మిదికల్లా పోతాయి, పోతూ పోతూ బియ్యం, పరుపు, స్కూలు పుస్తకాలు, మిక్సీ, మిషన్ అన్నింటినీ మురికి నీళ్లలో నానబెట్టి పోతాయి. పది గంటల ముంపుకి రూల్ బుక్‌లో చోటు లేదు.

అందులో ఇంటి పనివాళ్ల నష్టం అసలే కనపడదు. ఇంటి పనివాళ్లంటే ఇక్కడ ఇంట్లో కూర్చుని పీస్ లెక్కన పనిచేసేవాళ్లు. లాడ్ బజార్ లక్క గాజుల మీద రాళ్లు అతికేవాళ్లు, మగ్గం వర్క్ చేసేవాళ్లు, ఫాల్స్ కుట్టేవాళ్లు, అగరుబత్తీలు చుట్టేవాళ్లు. వాళ్లకు ఇల్లే కార్ఖానా. మగ్గం కర్ర ఉబ్బిపోయి ఫ్రేమ్ వంకరైతే, దాని మీద బిగించిన బ్లౌజ్ పీసు బురద మరకలు పడితే, ఆ బట్ట ఆమెది కాదు, షాపు వాళ్లదో కాంట్రాక్టర్‌దో. దాని ఖరీదు తర్వాతి నెలల కూలిలోంచి కోసుకుంటారు. అంటే ఆమెకు మూడు దెబ్బలు: పనిముట్టు పోయింది, పని పోయింది, పైగా అప్పు మిగిలింది. సర్వే ఫారంలో గోడలు, పైకప్పు, పశువులు, పంట ఉంటాయి. ఈ మూడింటికీ గడి ఉండదు. వాటిని లెక్కలోకి తెచ్చేది ఆ పనివాళ్ల మధ్య తిరిగే సంస్థలే.

సాయం కిట్ల సంగతి కూడా ఒకసారి చెప్పుకోవాలి. చీర ఇస్తారు, లంగా ఇవ్వరు. రెండు మూడు రోజులు ఒంటి మీద తడి బట్టలతోనే ఉన్న మనిషికి కొత్త చీర మడత చేతిలో పెడితే ఆమె ఏం చేసుకుంటుంది? పాతబస్తీలో బురఖా కొట్టుకుపోయినామె రేషన్ లైన్‌కే రాదు, ఆమె తరఫున పదేళ్ల పిల్లాడు వస్తాడు, పిల్లలకు ఇవ్వం అని వెనక్కి పంపిస్తారు. ప్యాడ్లు ఇచ్చి, మార్చుకోవడానికి తలుపున్న గది చూపించరు. బయటి నుంచి వచ్చినవాళ్లకు మనసు లేక కాదు ఇదంతా, తెలియక. తెలిసినవాళ్లు అదే గల్లీలో ఉన్నారు, కొనాల్సిన సామాను లిస్టు వాళ్లను రాయమంటే, కొనడానికి డబ్బు కూడా వాళ్ల చేతికే ఇస్తే ఇన్ని తప్పులు జరగవు.

ఇంకొకటుంది, దాన్ని ఫొటో తీయలేం. పని పోయి, అప్పు పెరిగి, ఒకే గదిలో ఆరుగురు ఇరుక్కుని ఉన్న ఇంట్లో కొట్టడాలు పెరుగుతాయి, ఆడపిల్లకు చదువు మాన్పించి పెళ్లి చేసేద్దామన్న ఆలోచన వస్తుంది. పాతబస్తీలో షాహీన్ లాంటి సంస్థలు గృహహింస మీద, బలవంతపు పెళ్లిళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేస్తూ వస్తున్నాయి. అక్కడ ఒక అమ్మాయి నోరు విప్పి చెప్పాలంటే ఎదుటి మనిషి మీద ఏళ్ల నమ్మకం ఉండాలి. ఆ నమ్మకాన్ని మూడు నెలల ప్రాజెక్టుతో కొనలేం. వరద తర్వాత నాలుగో నెలలో, ఆరో నెలలో వచ్చే ఈ కేసులకు వరద నిధులు అప్పటికే అయిపోయి ఉంటాయి.

ఈ నగరంలో ఆడవాళ్లు విపత్తు పనిలోకి దిగడం కొత్తేమీ కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఊరిని ముంచెత్తి సుమారు 15,000 మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు సరోజినీ నాయుడు, అమీనా హైదరీ సహాయక పనుల్లో ముందున్నారు, అమీనా హైదరీకి ఆ సేవకే కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. పెద్ద కుటుంబాల వాళ్లు కాబట్టి చరిత్రలో పేర్లు మిగిలాయి. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లెత్తి, మూసీ పొంగి, ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లొచ్చి, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు ఇళ్లు మునిగినప్పుడు కూడా గల్లీల్లో పరుగులు పెట్టిన ఆడవాళ్లున్నారు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

మరి డబ్బు ఎక్కడ ఆగిపోతోంది? ప్రపంచ స్థాయిలో చూస్తే, 2016 మేలో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మానవతా సదస్సులో పెద్ద దాత దేశాలు, ఐక్యరాజ్యసమితి సంస్థలు, పెద్ద ఎన్జీవోలు గ్రాండ్ బార్గెయిన్ అనే ఒప్పందం చేసుకున్నాయి. 2020 కల్లా సాయంలో కనీసం 25 శాతం వీలైనంత నేరుగా స్థానిక, జాతీయ సంస్థలకు ఇస్తామన్నాయి. 2022లో నేరుగా చేరింది సుమారు 1.2 శాతం. అందులో మహిళా సంస్థల వాటా ఇంకెంత ఉంటుందో ఊహించుకోవచ్చు. మానవతా సాయమే కాకుండా అభివృద్ధి సాయం మొత్తాన్ని తీసుకున్నా మహిళా హక్కుల సంస్థలకు చేరేది 0.13 శాతమే అని అవిడ్ అనే అంతర్జాతీయ మహిళా వేదిక 2021లో చెప్పింది.

దాతలు చెప్పే కారణం సులువుగానే అర్థమవుతుంది. ఐదు కోట్ల గ్రాంటు ఒకటి చూసుకోవడానికి ఒక ఆఫీసర్ చాలు, ఐదు లక్షల గ్రాంట్లు వంద చూసుకోవాలంటే పది మంది కావాలి. అందుకని పెద్ద సంస్థకిస్తారు, పెద్ద సంస్థ కొంచెం చిన్న సంస్థకిస్తుంది, అది ఇంకొంచెం చిన్నదానికి. ప్రతి మెట్టు దగ్గర ఆఫీసు ఖర్చు కోత పడుతుంది, చివరి మెట్టు మీదున్న బస్తీ సంఘానికి వచ్చేసరికి 'వలంటీర్' అనే మాట, ఒక టీషర్టు మిగులుతాయి.

మన దేశంలో ఆ మెట్లు కూడా ఇప్పుడు లేవు. 2020 సెప్టెంబర్‌లో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణలతో, విదేశీ నిధులు తీసుకున్న సంస్థ వాటిని ఇంకో సంస్థకు ఇవ్వడం పూర్తిగా నిషేధం. అప్పటిదాకా జిల్లాలోనో నగరంలోనో ఒక నడిమి సంస్థ నిధులు తెచ్చి, ఇరవై చిన్న సంఘాలకు పంచి, వాళ్ల లెక్కలు తనే చూసుకునేది. ఆ దారి మూసుకుపోయింది. పరిపాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది, ఆఫీసు అద్దె, కరెంటు బిల్లు, అకౌంటెంట్ ఫీజు అన్నీ అందులోనే సర్దుకోవాలి. చిన్న సంఘం సొంతంగా రిజిస్ట్రేషన్ తెచ్చుకుందామంటే మూడేళ్ల అనుభవం, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షల ఖర్చు చూపించాలి. వారానికి యాభై రూపాయలు పొదుపు చేసుకునే గ్రూపు ఆ 15 లక్షలు ఎక్కణ్నుంచి చూపిస్తుంది? విదేశీ నిధుల మీద నిఘా ఉండటంలో తప్పులేదు, కానీ ఈ సవరణ దెబ్బ ఎక్కువగా తగిలింది ఏ విదేశీ దాతనూ ఎన్నడూ చూడని సంఘాలకు.

ఇక మిగిలింది కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు. హైదరాబాద్‌లో ఐటీ, ఫార్మా కంపెనీలకు కొదవలేదు, 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పరిధిలోకి వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. విపత్తు సహాయం, పునరావాసం, మహిళా సాధికారత మూడూ చట్టం ఒప్పుకున్న పద్దులే. అయినా ఆ డబ్బు బస్తీ దాకా రాకపోవడానికి సగం కారణం కాగితాలు: 12ఏ, 80జీ అనే పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్ పని చేసే సంస్థలు తెచ్చుకోవాల్సిన సీఎస్ఆర్-1 నంబరు, మూడేళ్ల అనుభవం. మిగతా సగం అలవాటు. 2020లో పీఎం కేర్స్‌కి ఇచ్చింది సీఎస్ఆర్‌గా చెల్లుతుందని, ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చింది చెల్లదని కేంద్రం స్పష్టం చేసింది, ఒక్క చెక్కుతో పనైపోయే చోటికి కంపెనీలు వెళ్లడం సహజం. 5 శాతం పరిపాలనా ఖర్చు నిబంధన ఉందిగా, జీతాలివ్వలేం అని చాలా మంది సీఎస్ఆర్ మేనేజర్లు అంటుంటారు. ఆ 5 శాతం కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చు గురించి. ప్రాజెక్టులో పనిచేసే కార్యకర్త జీతం ప్రాజెక్టు ఖర్చే. ఈ ఒక్క అపార్థం వల్ల ఎన్ని సంస్థలు బియ్యం బస్తాలకు డబ్బు తెచ్చుకుని, వాటిని మోసిన మనుషులకు ఏమీ ఇవ్వలేకపోయాయో!

పొదుపు సంఘాలున్నాయి కదా, పట్టణ పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ మెప్మా సమాఖ్యలున్నాయి, స్త్రీనిధి రుణాలున్నాయి, అవి చాలవా అని అడిగేవాళ్లుంటారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ సంఘాల బలం చిన్నది కాదు, విపత్తులో వాటంత విస్తారమైన నెట్‌వర్క్ ఇంకోటి లేదు. కానీ అక్కడున్న డబ్బు సభ్యుల పొదుపు, లేదా తిరిగి కట్టాల్సిన అప్పు. వరదలో అందరూ ఒకేసారి మునిగితే గ్రూపులో ఒకరి కిస్తీ ఇంకొకరు కట్టే పరిస్థితి ఉండదు. నష్టపోయిన మనిషికి అప్పిచ్చి కోలుకోమంటే ఏమవుతుందో 2010 మైక్రోఫైనాన్స్ సంక్షోభం ఇక్కడే చూపించింది, ఒకదాని మీద ఒకటి అప్పులు తీసుకుని, వసూలు ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న కుటుంబాలున్నాయి, ఆ ఏడాది అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది. మొదటి మూడు నెలలకు గ్రాంటే కావాలి. అప్పు, అవసరమైతే, ఆ తర్వాత. 2018 వరదల తర్వాత కేరళ కుటుంబశ్రీ సంఘాల ద్వారా లక్ష రూపాయల దాకా రుణం ఇప్పించి, వడ్డీ ప్రభుత్వమే కట్టింది, అప్పు ఇవ్వాల్సి వస్తే కనీసం అలా ఇవ్వాలి.

మహిళా సంఘాలకు పని, అధికారం రెండూ ఇస్తే ఏం జరుగుతుందో లాతూర్ చూపించింది. 1993 సెప్టెంబర్ 30 భూకంపం తర్వాత ఇళ్ల మరమ్మతుల కార్యక్రమంలో మహారాష్ట్ర ప్రభుత్వం, స్వయం శిక్షణ్ ప్రయోగ్ అనే సంస్థ సాయంతో, వెయ్యికి పైగా గ్రామాల్లో మహిళలను 'సంవాద్ సహాయక్'లుగా పెట్టింది. ఇంజనీర్ చెప్పేది ఊరికి, ఊరు చెప్పేది ఇంజనీర్‌కి చేరవేయడం, సిమెంటు ఇనుము సరిగ్గా వాడుతున్నారా అని చూడటం వాళ్ల పని. 2001లో కచ్ భూకంపం వచ్చినప్పుడు ఆ లాతూర్ ఆడవాళ్లే గుజరాత్ వెళ్లి అక్కడి ఆడవాళ్ల పక్కన కూర్చున్నారు, 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరానికీ ఆ అనుభవం చేరింది. ఒక విపత్తులో నేర్చుకున్నది ఇంకో విపత్తుకి పనికొచ్చిందంటే, మధ్యలో ఆ సంఘం బతికి ఉండబట్టే. నిధులు ఆర్నెల్లకు ఆగిపోయి ఉంటే కచ్ వెళ్లడానికి ఎవరూ మిగిలేవారు కాదు.

ఎండల విషయంలో 'సేవా' అనే అసంఘటిత మహిళా కార్మికుల సంఘం చేసినది ఇంకా దగ్గరి పాఠం. ఉష్ణోగ్రత ఒక హద్దు దాటితే, ఎవరూ వచ్చి నష్టం లెక్కగట్టనక్కర్లేకుండా, సభ్యురాలి ఖాతాలోకి డబ్బు పడే బీమా పథకాన్ని 2023లో గుజరాత్‌లో 21,000 మందితో మొదలుపెట్టారు, 2024లో రాజస్థాన్, మహారాష్ట్రలకూ విస్తరించి దాదాపు 50,000 మందిని చేర్చారు. ఆ వేసవిలో వాళ్లలో చాలా మందికి తలా 400 రూపాయలు అందాయి. 400 ఎంత అనిపించొచ్చు, నడినెత్తిన ఎండలో తోపుడు బండి ఒక పూట ఆపుకోవడానికి సరిపోయే డబ్బు అది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోతే 4 లక్షల పరిహారం ఇస్తామంది, మంచిదే. ప్రాణం పోకముందు ఆ ఒక పూట నీడకు డబ్బు ఎవరిస్తారన్నదానికి ఇక్కడింకా ఏర్పాటు లేదు.

మహిళా సంఘం అనగానే అంతా సవ్యంగా ఉంటుందని కాదు. లీడర్ ఒక పార్టీ మనిషి అయితే లిస్టులో అవతలి పార్టీ ఇళ్లు జారిపోతాయి. గ్రూపుల్లో అందరికన్నా పేదవాళ్లు ఉండరు, నిన్న మొన్న పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చి రేకుల షెడ్డులో ఉంటున్న కుటుంబం ఏ గ్రూపులోనూ ఉండదు. కులం, మతం గీతలు గల్లీ మధ్యలోంచే వెళ్తాయి. అందుకే ఒక బస్తీకి ఒకే సంఘాన్ని పట్టుకోకుండా రెండు మూడింటిని కలిపి జాబితా చేయించాలి, గోడ మీద అంటించాలి, ఖర్చు రాసిన పేజీ కూడా పక్కనే అంటించాలి. మురుగు తోడిన మోటర్ అద్దె ఎంతో, పాల ప్యాకెట్లు ఎన్నో గల్లీలో అందరికీ తెలుసు. ఆ ఆడిట్‌ని తప్పించుకోవడం చార్టర్డ్ అకౌంటెంట్‌ని తప్పించుకోవడం కన్నా కష్టం.

ఇవ్వాల్సినదేమో పెద్ద మొత్తం కాదు. ఒక కార్యకర్తకు పన్నెండు నెలల జీతం, ఒక గది అద్దె, ఫోన్లకు, ఆటోలకు కొంత, నీళ్లొచ్చిన రాత్రి ఎవరినీ అడక్కుండా తీసి ఖర్చు పెట్టుకునే లక్షో రెండు లక్షలో ఖాతాలో విడిగా. లక్ష రూపాయల దాకా ఇద్దరి సంతకాలతో తీసుకోవచ్చు, లెక్క పదిహేను రోజుల్లో ఇవ్వాలి, దరఖాస్తు తెలుగులోనో ఉర్దూలోనో రెండు పేజీలు మించకూడదు, రాయలేకపోతే ఫోన్‌లో వాయిస్ మెసేజ్ చాలు. కాగితాలు లేని సంఘానికి కాగితాలున్న నగర సంస్థ ఒకటి సీఎస్ఆర్ డబ్బుకి పూచీ ఉండొచ్చు, ఆ కోవలో విదేశీ నిధుల నిషేధం అడ్డురాదు.

చట్టంలో ఇందుకు చోటుంది కూడా. సీఎస్ఆర్‌లో 'కొనసాగుతున్న ప్రాజెక్టు' అని ఒకటుంది, మొదలుపెట్టిన ఏడాది కాకుండా ఇంకో మూడేళ్ల దాకా దాన్ని నడపొచ్చు, ఆ ఏడాది మిగిలిన డబ్బుని విడి ఖాతాలో వేసి తర్వాత వాడొచ్చు. అంటే ఒక కంపెనీ ఈ మార్చిలో నిర్ణయం తీసుకుంటే, మూసీ పక్కనో గుర్రం చెరువు కిందో ఉన్న నాలుగు మహిళా సంఘాల దగ్గర మూడు వానాకాలాలకు డబ్బు సిద్ధంగా ఉంటుంది. మార్చి 31లోపు ఖర్చు చూపించాలన్న టెన్షన్‌లో కొనే దుప్పట్లు ఆగిపోతాయి, జూన్ మొదటి వాన కన్నా ముందే నోట్‌బుక్‌లో మొదటి పేజీ నిండుతుంది: గర్భిణులు ఎవరు, మంచాన పడ్డవాళ్లు ఎవరు, నాలా పక్కన కింది పోర్షన్లు ఎన్ని, ఎత్తు మీదున్న ఏ ఇంటివాళ్లు రాత్రికి తలుపు తీస్తామన్నారు.